గంట ప్రయాణం

కృపానందం బాయిలరు గాజుగొట్టంలో నీటిమట్టం చూశాడు. సరిగ్గానే ఉంది. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ చూశాడు. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లుగా ఆ బాయిలరును సాకుతున్న మనిషికి ఆ రోజు దేనిమీదా నమ్మకం కుదరడం లేదు.

చెల్లెలు మార్తమ్మ రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. గుండె బాగా నీరసించింది, చూడాల్సినవాళ్లు వచ్చి చూసుకోండని డాక్టర్లు నిన్ననే చెప్పారు. రాత్రి బస్సెక్కుదామని చొక్కా తొడుక్కుంటుంటే కూతురు నిస్సీ ఆపింది.

"బస్సుల రాత్రంత ఏం కూసుంటవ్ నాయనా? పొద్దుగాల ఫ్లైట్‌ల సీట్లు లెవ్వు గని, సాయంత్రం దాన్ల బుక్ చేసిన. గంటల దిగుతవ్."

గంట! తాముండే చిట్కుల్ నుంచి పటాన్‌చెరు పోయి కూరగాయలు తెచ్చుకోవడానికే అంత పడుతుంది. ఎన్నడూ విమానం ఎక్కని కృపానందం ఆ మాటకు మురిసిపోయాడు. గంట పనికి సెలవెందుకని పొద్దున్నే డ్యూటీకి కూడా వచ్చేశాడు. భోజనాల వేళ చెల్లెలికి ఫోను చేశాడు.

"పరేషాన్ గాకు మార్తా. విమానంల వస్తున్న. గంటనే."

"జల్ది రా అన్నా," అంది మార్తమ్మ. గొంతు సన్నగా ఉంది.

షిఫ్టు అయిపోయింది. తర్వాతి షిఫ్టుకు రావాల్సిన పెద్దరాములు జాడ లేదు. మండుతున్న బాయిలరును ఇంకొకరికి అప్పజెప్పకుండా కదలకూడదు. ఫ్యాక్టరీ చెప్పకపోయినా కృపానందం కదిలే రకం కాదు. గేటు వైపు చూడటం, ప్రెషరు ముల్లు చూడటం, ఫోను చూడటం.

చివరికి పెద్దరాములు పరుగున వచ్చాడు. "ఇస్నాపూర్ కాడ లారీ అడ్డం పడ్డదే అన్నా. నువ్వు పో ఇగ, జల్దీ పో!"

బట్టలైనా మార్చుకోకుండా అద్దె కారులో రింగురోడ్డు మీద పడ్డాడు. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక లైను, అది దాటితే ఇంకో లైను, ఆపైన ఊరికే కూర్చోబెట్టడం. ఇదంతా ఆ గంటలో లెక్కకు రాదని ఆయనకెవరూ చెప్పలేదు. రాత్రి బస్సే ఎక్కి ఉంటే పొద్దున్నుంచీ చెల్లెలి పక్కనే ఉండేవాణ్ణి కదా అనుకుంటే ఏడుపొచ్చింది. విమానం కదిలేముందు ఫోన్లు ఆపమన్నారు. ఆపి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. విమానం మాత్రం మాట తప్పలేదు, గంటలోనే దించింది.

బయట మేనల్లుడు ఎబెనేజర్ నిలబడి ఉన్నాడు. వాడి ముఖం చూడగానే కృపానందం కాళ్లు ఆగిపోయాయి.

"ఇందాకే మావయ్యా. మీరు దారిలో ఉండగా."

ఆసుపత్రి గదిలోకి అడుగుపెట్టాక వాడే మళ్లీ అన్నాడు. "మధ్యాహ్నం మీరు ఫోను చేశాక అన్నం వడ్డించమంది. ముద్ద ముట్టలేదండి. అన్న గంటలో వచ్చేస్తాడు, ఇద్దరం కలిసి తింటాం అంది. ఎంత బతిమాలినా వినలేదు."

"గంటనే అని నేనే జెప్పిన బిడ్డా," అన్నాడు కృపానందం.

మంచం పక్కన బల్లమీద రెండు పళ్లేలు ఉన్నాయి. ఈగలు వాలకుండా అన్న పళ్లెం మీద మార్తమ్మ తన చేతిరుమాలు కప్పి ఉంచింది.