మింటూకి రక్తపరీక్ష

మింటూ కరిచింది హబీబున్నీసాను. ఇంట్లో హడావుడి మాత్రం అంతా మింటూ కోసమే.

ఈ అరబ్బు దేశంలో ఆమె ఇంటిపని చేసే కృష్ణవేణి మేడమ్ వాళ్లకు ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, లండన్ బదిలీ అయింది. కుక్కనూ వెంట తీసుకెళ్తారట. మొన్న ఫ్లాట్ తలుపు తీసి ఉంటే అది కిందికి పారిపోయి, వాళ్లుండే రోలా పేట సందులో చెత్తడబ్బా దగ్గర వీధిపిల్లితో కలబడింది. విడదీయబోయిన హబీబున్నీసా చెయ్యి కొరికేసింది.

దానికి పిచ్చి పట్టకుండా సూది వేయించామనీ, ఆసుపత్రికి పోయి గొడవ చేయొద్దనీ చెప్పి మేడమ్ పసుపు పెట్టి గుడ్డ కట్టింది. ఎన్నడూ లేనిది, టీ కూడా తనే పెట్టిచ్చింది. ఆ టీ గొంతు దిగుతుండగానే హబీబున్నీసాకు అనుమానం మొదలైంది. ఊరికే ఇంత ప్రేమ పుట్టుకొస్తుందా? కడపలో వాళ్ల వీధిలోనే ఒకాయన కుక్క కరిచి, నీళ్లు చూసి బెదిరి బెదిరి చచ్చిపోయాడు. మొన్నటి నుంచీ గ్లాసు ఎత్తాలంటే ఆమెకు గుండె దడ.

ఇవాళ మింటూను పశువుల డాక్టరు దగ్గరికి తెచ్చారు. హబీబున్నీసా పట్టుకుంటే తప్ప అది కుదురుగా ఉండదు. కట్టు కనపడకుండా పొడుగు చేతుల కమీజు వేసుకోమంది మేడమ్. అదొకటి మళ్లీ!

డాక్టరు కుక్క కాలి నుంచి రక్తం తీస్తుంటే, ఎందుకని హబీబున్నీసా ఉర్దూలో అడిగింది. ఆయన ఓపిగ్గా చెప్పాడు. సూది వేస్తే సరిపోదట. కొన్ని కుక్కల ఒంటికి అది పట్టదట. పట్టిందని పరీక్షలో తేలితేనే లండన్ వాళ్లు రానిస్తారట.

అంటే సూది పనిచేసిందో లేదో మేడమ్‌కే తెలీదన్నమాట! తెలీకుండానే ఎంత ధీమాగా చెప్పింది! హబీబున్నీసా కమీజు చెయ్యి పైకి లాగి, కట్టు విప్పి, మింటూ వైపు చూపించింది.

"ఇప్పుడొద్దు హబీబా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అని మేడమ్ తెలుగులో గొణిగింది.

"మింటూ ఇమానం ఎక్కల్లంటే రక్తం చూడల్లంట మేడమ్. నేను బతకల్లంటే మీ మాట సాలునా?"

డాక్టరుకు తెలుగు రాదు, కానీ పళ్ల గాట్లు కనపడ్డాయి. సబ్బుతో బాగా కడిగించి, ఈ క్షణమే ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకోమన్నాడు. కుక్కను కొన్నాళ్లు ఇక్కడే ఉంచి కనిపెట్టి చూడాలన్నాడు.

కృష్ణవేణి ఆ చెయ్యి వైపు చూడనే లేదు. "మరి మా ప్రయాణం?" అని డాక్టరును అడిగింది.

హబీబున్నీసా మింటూ తాడు తీసి ఆవిడ చేతికి అందించింది. రోజూ ఆవిడ పక్కలో పడుకునే కుక్క, ఆ చెయ్యి నాకబోయింది.

మేడమ్ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.