హార్వెల్ ఆపెరా హౌస్ తెర

రోజూ పదింటికి సంహిత ఆపెరా హౌస్ తాళం తీసి, మేడెక్కి, స్టేజి లైటు వేసి, తెర మీద ఏం మారిందో పుస్తకంలో రాసేది. జీతం లేదు. అమెరికాలో చదువైపోయి ఓపీటీలో, అంటే చదువు తర్వాత పనికిచ్చే గడువులో, ఉన్నవాళ్లు ఊరికే కూర్చోకూడదు కాబట్టి, తను చదివిన సివిల్ ఇంజనీరింగ్‌కి కాస్త దగ్గరగా ఉందని ఈ వాలంటీర్ పనిలో చేరింది. నెలాఖరుకి ఓపీటీ అయిపోతుంది. ఈలోగా జీతమిచ్చే ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

ఆ మేడ కట్టి నూట నలభై ఏళ్లు. కింద ఇనపసామాన్ల కొట్టు, పైన నాటకాలు. నాటకాలు పోయి స్కేటింగ్ వచ్చింది, అదీ పోయి సినిమా వచ్చింది, ఆఖరికి పావురాలు మిగిలాయి. మళ్లీ ఊరివాళ్లే చందాలేసుకుని బాగుచేయించారు. తెర మాత్రం మొదటిదే. మధ్యలో సరస్సు, చుట్టూ గళ్లలో ఊళ్లో కొట్ల ప్రకటనలు. కొట్టు మూతపడితే దాని గడి వెలిసిపోయేది. కొత్తది రాబోతుంటే అక్షరాలు తేలేవి. గుర్రపు నాడాలవాడి గడిలో ఇప్పుడు టైర్ల షాపుంది. ఫ్యాక్టరీ మూసిన వారం పదకొండు గళ్లు తెల్లబడ్డాయట. బ్యాంకువాళ్లు కూడా వచ్చి తెర చూసుకున్నాకే అప్పిస్తారు.

బుధవారం ట్రాయ్ అనే ఊరి నుంచి, ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీ దామోదర్ ఫోన్ చేశాడు. "రెజ్యూమేలో ఎయిట్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ పెట్టానమ్మా. ఇంటర్వ్యూలో మనోడే మాట్లాడతాడు, నువ్వు లిప్స్ మూవ్ చేస్తే చాలు. ఫ్రైడేకల్లా యెస్ చెప్పు."

"సరే అన్నా," అంది. సిగ్గూ వేయలేదు, భయమూ వేయలేదు. రెండొందల రిజెక్షన్ల తర్వాత ఆమెకి ఏదీ వేయడం మానేసింది.

గురువారం పొద్దున బాల్కనీ కింద దూలం చూసింది. వచ్చిన కొత్తలో, కాలేజీలో నేర్పిన అలవాటు కొద్దీ, దాని పగులుకి అడ్డంగా చిన్న గాజుముక్క అతికించింది. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ఇవాళ విరిగి ఉంది. శనివారం స్కూల్ పిల్లల కచేరీ. బాల్కనీ నిండా వాళ్లే, అరవైమంది. "ఎలాగూ వెళ్లిపోతున్నాను, నా మాట ఎవరు వింటారు?" అనుకుని తెర దగ్గరికి పోయింది.

ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్న గడిలో తన పేరుంది. "సంహిత. పగుళ్లు చూడబడును. మేడ మీద అడగండి."

మేనేజరు మార్జరీ వచ్చి, కళ్లజోడు తుడుచుకుని చదివింది. "నీ పేరు స్పెల్లింగ్ సరిగ్గానే పడిందా?"

"పడింది."

"అయితే చెప్పు. ఇక్కడ పగుళ్లేమైనా ఉన్నాయా?"

సంహిత బాల్కనీ కింది దూలం వైపు చూపించింది. "ఉంది. శనివారం బాల్కనీలో ఎవర్నీ కూర్చోనివ్వొద్దు."

మార్జరీ తాడు తెచ్చి బాల్కనీ మెట్లకి అడ్డంగా కట్టేసింది. మధ్యాహ్నం సిటీ హాల్ నుంచి ఒకాయన కాగితాలు పట్టుకొచ్చాడు. ఊళ్లో పాతకట్టడాలు చూసే ఇంజనీర్ పోస్టు ఏడాదిగా ఖాళీ అట. తెర మీద పడ్డాక ఇక ఇంటర్వ్యూ ఎందుకన్నాడు.

దామోదర్‌కి ఫోన్ చేసి, "నేను రావట్లేదన్నా," అని చెప్పి, తాడు పక్కన మెట్టు మీద కూలబడింది. చెప్పకుండానే వెళ్లిపోయేదాన్ని కదా అనుకుంది. అప్పుడు వేసింది భయం. అరవైమంది పిల్లల్ని తలుచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.