అరగంట గొంతు

సోమవారం పొద్దున మా అక్కకు గొంతు ఆపరేషన్. లోపల చిన్న కాయ ఉంది. "గొంతు వస్తుంది. ఇదే గొంతు వస్తుందని మాత్రం మాటివ్వలేను" అని చెప్పారు డాక్టరమ్మ. అప్పటిదాకా మాట్లాడకూడదు. మొత్తం మీద అరగంట పాడుకోవచ్చు, అంతకు మించితే పుండు మీద కారం చల్లినట్టే.

అక్క బడిలో టీచరు. పలక తెచ్చుకుని, చెప్పాల్సిందంతా దాని మీదే రాసి చూపిస్తోంది. ఇంటికి రాగానే మొదట రాసింది ఇది: "నా పాట రికార్డు చేద్దాం. నాలుగు గొంతులూ నావే."

అది తను కట్టుకున్న పాట, నాలుగు నిమిషాలది. నాలుగుసార్లు నాలుగు రకాలుగా పాడి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. శుక్రవారం సాయంత్రం నా పాత కంప్యూటర్‌తో మొదలుపెట్టాం. రెండు గొంతుల దాకా ఎలాగో మోసింది. మూడోది పాడుతుండగా చిటపటలాడి, చివర్లో బిగుసుకుపోయి, అప్పటిదాకా పాడిందంతా మింగేసింది. పన్నెండు నిమిషాలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. అక్క పలక మీద 18 అని రాసింది. నాకు ఏడుపొచ్చింది. నాకొచ్చే ఏడుపులన్నీ చివరికి కోపంగానే బయటికొస్తాయి.

శనివారం తెల్లారగానే కొత్త కంప్యూటర్ కోసం బయల్దేరాను. బావ కూడా వచ్చాడు. బావ ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాడు. ఆయనకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసులే అనుకున్నాను. నాకు మాత్రం అంతా తెలుసని నమ్మకం.

"ఆఫీసు పనికా, గేమ్స్‌కా?" అన్నాడు షాపాయన.

"పాటల రికార్డింగ్‌కి. మధ్యలో ఆగిందంటే ఊరుకోను."

ఆయన ఉన్నవాటిలోకెల్లా పెద్ద పెట్టె చూపించాడు. ప్రాసెసర్ ఎంత వేగం, ర్యామ్ ఎంత, డిస్క్ ఎలాంటిది అంటూ వరుసగా అడిగాను. అన్నిటికీ మంచి జవాబే వచ్చింది. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడిన బావ మెల్లగా నోరు విప్పాడు.

"ఒకసారి ఆన్ చేసి, ఏదైనా బరువైన పని పెట్టమను. చెవి పెట్టి విందాం."

"ఇది ఫ్రిజ్ కాదు బావా."

షాపాయన నవ్వాడు. నేనూ నవ్వాను. బావ మళ్లీ చేతులు కట్టుకున్నాడు. నేను పట్టిన కుందేలుకు ఆరోజు మూడే కాళ్లు.

సాయంత్రం కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, కూర్చున్నాం. అక్క పాడింది, ఒకచోట తప్పిపోతే మళ్లీ అందుకుంది. పది నిమిషాల్లో రెండు గొంతులు పూర్తయ్యాయి. పెట్టె ఎక్కడా తడబడలేదు. గొప్పగా రెండూ కలిపి వినిపించాను. పాట వెనక ఏదో హోరు.

బావ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "పెట్టెలో ఫ్యాన్లు. పని పెరిగేకొద్దీ గట్టిగా తిరుగుతున్నాయి. పాడినప్పుడల్లా మైకులోకి వస్తున్నాయి. నాలుగు గొంతులు పేరిస్తే ఆ హోరూ నాలుగుసార్లు చేరుతుంది."

హోరు తీసేయాలని చూస్తే దాంతోపాటు అక్క ఊపిరి కూడా పోతోంది. ఆ ఊపిరి లేకపోతే అది అక్క పాటే కాదు. పలక మీద 18 చెరిగిపోయి 8 అయింది.

"నిన్ను షాపులోనే వినుంటే బాగుండేది బావా" అన్నాను. ఆ ముక్క అనడానికి నాకు చాలా కష్టమైంది.

"ఆ సంగతి తర్వాత. ఆ గోడలో గుడ్డ తియ్యి" అన్నాడు.

ఏసీ మెకానిక్ ఇంట్లో ఏసీ లేదు. దాని గొట్టం వంటగది మీదుగా బయటికి తీయాలని రెండేళ్ల కింద గోడకు కొట్టిన కన్నం మాత్రం ఉంది. ఏసీ ఎప్పుడని అక్క రోజూ సాధిస్తూ, చివరికి అందులో పాత గుడ్డ కుక్కింది. బావ ఆ గుడ్డ లాగేసి, పెట్టెను గోడకు అవతల వంటగదిలో పెట్టి, తీగలు కన్నంలోంచి ఇటు లాగాడు. చుట్టూ మళ్లీ గుడ్డ కుక్కాడు. గదిలో ఎవరి ఊపిరి వాళ్లకు వినపడేంత నిశ్శబ్దం.

పాతవి రెండూ తీసేశాను. ఎనిమిది నిమిషాల్లో రెండు గొంతులే పడతాయి. నా వల్లే రెండు పోయాయి. మీట నొక్కాను.

అక్క పాడింది. ఒక్క తప్పు లేదు, ఒక్క చప్పుడు లేదు. వెంటనే రెండో గొంతుకు సిద్ధం చేశాను. అక్క హెడ్‌ఫోన్స్ తీసి కింద పెట్టి, పలక అందుకుంది.

"మిగతా మూడూ కొత్త గొంతుతో పాడతా."

"ఎలాంటి గొంతు వస్తుందో తెలియదు కదే."

ఆ వాక్యం చెరిపి ఒకే మాట రాసింది: "అందుకే."

"మరి మిగిలిన నాలుగు నిమిషాలు?"

రాసి, పలక నా వైపే తిప్పింది, బావకు కనపడకుండా. "మీ బావకు. మైకు లేకుండా."

ఉన్న ఒక్క గొంతునూ, మిగతా గొంతుల కోసం తెర మీద ఖాళీగా ఉన్న మూడు గీతలనూ అలాగే సేవ్ చేశాను. నమ్మకం చాలక మళ్లీ చేశాను. బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, వంటగదిలో ఆ పెట్టె పక్కనే కూర్చున్నాను. దాని హోరులో లోపలి పాట నాకు వినపడలేదు. ఆ చప్పుడు ఇంకాసేపు ఆగకుండా ఉంటే బాగుండుననిపించింది.