రాయి పడని తిట్టు

తెల్లారగానే వాకిలి ఊడ్చి, నిన్నటి తిట్లలో రాలిన రాళ్ళను ఓ పక్కకు పోయడం ఆ వీధిలో ఆడవాళ్ళకు మామూలు పని. గురజాల దాటాక వచ్చే ఆ ఊరివాళ్ళు ఎక్కడున్నా, నిజమున్న తిట్టు వాళ్ళ నోరు దాటగానే రాయై కింద పడుతుంది. నిజం లేనిది గాలికి పోతుంది. అందుకే అక్కడి పెద్దమనుషులు తగవుల్లో సాక్షుల్ని పిలవరు, నేల చూస్తారు. వానలకు ముందు పంచాయతీ ట్రాక్టరు వచ్చి ఆ రాళ్ళు ఎత్తుకుపోయి రోడ్డు గుంతల్లో పోస్తుంది. ఆ ఊరి రోడ్లకు ఏనాడూ కంకర కరువు లేదు.

అందరికంటే పెద్ద కుప్ప సుకన్యకూ ఆమె తోడికోడలు తిరుపతమ్మకూ మధ్య ఉంది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెరట్లోని నందివర్ధనం చెట్టు తిరుపతమ్మ వైపు పోయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు, తిట్లే. రెండిళ్ళ మధ్య గోడ కట్టే పని కూడా తప్పింది. ట్రాక్టరు చొరని పెరట్లో ఆ కుప్పే గోడయింది.

మిరపకాయల్లో తాలు ఏరే సుకన్యకు కిందటేడు తాలుకాయేదో మంచికాయేదో తెలియకుండా పోయింది. తలుపు చట్రం వంకరగా కనపడేది. ఎదుటి మనిషి మొహం మధ్యలో మసక. కంటి లోపల మంట పుట్టి వెనకపొర వాచిందని గుంటూరులో డాక్టరు మిస్బా చెప్పింది. ఉన్న మందులకు వాపు లొంగలేదు. కొత్త మందు ఒకటి కొందరి మీద పరీక్షిస్తున్నాం, చేరతావా అని అడిగింది. ఎవరికి కొత్తది పడుతుందో, ఎవరికి పాతది పడుతుందో డాక్టరుకే తెలియదట. షరతులు మాత్రం గట్టివి. వచ్చినప్పుడల్లా ఇంటి మనిషి తోడుండాలి. వాళ్ళిచ్చింది తప్ప కంట్లో ఇంకేదీ పడకూడదు.

మొగుడు బ్రహ్మాజీ నాపరాళ్ళ లారీ మీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటాడు. తోడు ఎవరొస్తారా అని సుకన్య దిగులుపడుతుంటే కుప్ప అవతల నుంచి తిరుపతమ్మ గొంతు వినపడింది.

"నేనొస్తాలే. గుడ్డిదాన్ని తిడితే ఊరంతా నన్నే అంటది. నీ కళ్ళు నీకొస్తే నా నోరు నాకొస్తది."

సుకన్యకు ఒళ్ళు మండింది. వేరే దిక్కు లేక ఊరుకుంది. సత్తెనపల్లి మీదుగా పోయే బస్సులో ఇద్దరూ చెరో సీట్లో కూర్చుని, చెరో కిటికీలోంచి చూస్తూ వెళ్ళొచ్చేవాళ్ళు. కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లు పడేకొద్దీ తలుపు చట్రం కాస్త తిన్నగా నిలబడింది. సుకన్యకు ఆశ పుట్టింది, ఆశతో పాటే భయమూ పట్టుకుంది.

మళ్ళీ వెళ్ళాల్సిన రోజు దగ్గర పడుతుండగా కన్ను ఎర్రబడి గరగరలాడింది. డాక్టరు చూస్తే పరీక్షలోంచి తీసేస్తుందని హడలిపోయి, సుకన్య చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసినట్టే చేసింది. తిరుపతమ్మ పొలం పోయిన వేళ చూసి నందివర్ధనం పూలు కోసి, నలిపి, రసం కంట్లో పిండుకుంది. చల్లగా హాయిగా అనిపించింది. తెల్లారేసరికి రెప్పలు పుసికట్టి అతుక్కున్నాయి. వేన్నీళ్ళతో తుడుచుకుని బస్సెక్కింది.

"కంట్లో ఏమన్నా వేశావా అమ్మా?" సూది సిద్ధం చేసుకుంటూ మిస్బా అడిగింది.

"లేదమ్మా. మిరపకాయల ఘాటుకు ఎర్రబడింది."

గోడవార కూర్చున్న తిరుపతమ్మ లేచి నిలబడింది. "దొంగమొహమా, నా చెట్టు పూలన్నీ దూసుకుపోయి కంట్లో పిండుకున్నావే."

ఆసుపత్రి నున్నటి నేల మీద రాయి ఠంగున పడింది. ఆ ఊరి సంగతి తెలిసిన మిస్బా ఆ రాయిని చూసి సూది పక్కన పెట్టేసింది. లైటు వేసి, రెప్పలు విడదీసి పరీక్షగా చూసింది. చీము మొదలైందని, ఇప్పుడు సూది దించితే అదంతా లోపలికి పోయి కన్నే పోయేదని చెప్పింది. ముందు చుక్కలమందుతో ఇది తగ్గాలంది. సమయానికి బయటపడింది కాబట్టి పరీక్షలో ఉంచుతానంది, ఇంకోసారి దాస్తే మాత్రం ఉంచనంది.

దారి పొడుగునా సుకన్య కుతకుతలాడింది. అంతమందిలో తనను దొంగని చేసింది. ఇల్లు చేరగానే కుప్పకు ఇవతల నిలబడి గొంతెత్తింది.

"కుళ్ళుబోతుదానా, నా కళ్ళు బాగుపడతంటే ఓర్వలేకే చెప్పావు."

ఇద్దరూ కిందకి చూశారు. ఏ చప్పుడూ కాలేదు. తన మసక చూపుకు అందలేదేమోనని సుకన్య మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడిమింది. అప్పుడే రాలిన రాయి వెచ్చగా ఉంటుంది. చేతికి తగిలినవన్నీ చల్లటి పాత రాళ్ళే.

అవతల తిరుపతమ్మ కుప్ప మీదుగా వంగి చూసింది.

"ముందు ఆ మట్టి చేతులు కడుక్కోవే," అంది. "చుక్కలేసే టైమైంది."

సుకన్య లేచి తొట్టి దగ్గరికి నడిచింది.