శనివారం పలారం

"మాంసం ముట్టని కొంప మాది. మాకు షుగరేమిటండీ!" అని అచ్యుతరామయ్య గారు యూనివర్సిటీ డాక్టరమ్మతోనే తగువు పెట్టుకున్నారు. ఆవిడ నవ్వి రిపోర్టు ముందుకు జరిపింది. మూడు నెలల షుగరు సగటు ఆరు పాయింట్ మూడు.

"షుగరు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే మాత్రలే."

యూనివర్సిటీ లైబ్రరీ ఉద్యోగంలో అందరి నోళ్లూ మూయించే పెద్దమనిషి, ఆ రోజు తార్నాకలోని ఇంటిదాకా కిక్కురుమనకుండా నడిచొచ్చారు. వాళ్ల నాన్నగారికి ఇదే వయసులో షుగరు ముదిరి కాలు తీసేశారు. భయం వెయ్యదూ మరి!

కూతురు ధరణి పోషకాహారం మీదే పరిశోధన చేస్తోంది. ఆ శనివారం సాయంత్రం తండ్రి కంచం ముందు తిష్ట వేసింది. శనివారాలు ఆయనకి ఒంటిపూట. సాయంత్రం అన్నం ముట్టరు, పలారమే. ఆహా, ఏం పలారమండీ! ఆరిడ్లీలు, పైన ఉప్మా, రెండు అరటిపళ్లు, గ్లాసుడు పాయసం.

"ఇది ఉపవాసమా నాన్నా? తెల్లన్నం, రవ్వ, పంచదార కూడా శాకాహారమే. నిన్ను ముంచుతున్నవి అవే."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. కంచం తోసేసి లేచారు. తెల్లారాక మాత్రం భార్య అమ్మాజీ దగ్గరికెళ్లి, "ఏం పెడతావో పెట్టు, తింటాను," అన్నారు గొంతు తగ్గించి.

ఇక చూడండి ఆయన అవస్థ! దంపుడు బియ్యం అన్నం గుప్పెడు, పప్పూ ఆకుకూరా కంచం నిండా. "కూరలో అన్నం వెతుక్కోవాలటే!" అని రోజూ సణుగుడే. శనివారం పలారం ఒక పెసరట్టు, కాసిని శనగ గుగ్గిళ్లు. పొద్దున్నే క్యాంపస్ చెట్ల కింద గంట నడక. లైబ్రరీలో ప్రమోషనొచ్చిన వెంకటకృష్ణ లడ్డూల డబ్బా తెరిస్తే, ఈయన పుస్తకాల బీరువాల వెనక్కి పారిపోయారు. మొదట్లో ఏడుపొచ్చేది. రెండో నెలకి నడుమూ, నడకా తేలికపడ్డాయి.

మూడు నెలలు నిండాయి. డాక్టరమ్మ కాగితం చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఐదు పాయింట్ ఐదు. మాత్రలక్కర్లేదు. ఇదే తిండి, ఇదే నడక మానకండి."

"గెలిచానండీ!" అని ఆయన పెట్టిన కేకకి వరండాలో రోగులంతా లేచి నిలబడ్డారు. అక్కణ్ణించే ఇంటికి ఫోను చేశారు. అవతల అమ్మాజీ సంగతంతా వింది. ఆ తర్వాత వెక్కిళ్లు.

"తగ్గిందంటుంటే ఏడుస్తావేమే?"

"మూడు నెలలుగా మీ ముందు ఏడవకుండా ఆపుకున్నానండీ. ఇప్పుడైనా ఏడవనివ్వండి!"