కంచె అవతలి ఊట

ఆ ఊటను దేవుడే చూపించాడని రాతిమీద చెక్కించారు. చూపించేవాడు కంచెకు ఇవతలే చూపిస్తే ఆయన సొమ్మేం పోయింది?

అమెరికా అంతర్యుద్ధంలో మేం ఉత్తరాది సిపాయిలం, దక్షిణాదివాళ్ళ నోట యాంకీలం. వాళ్ళు జార్జియాలో మమ్మల్ని ఖైదుచేసిన ఆ శిబిరంలో, ఎత్తయిన గోడకు లోపల నడుమెత్తు కర్రకంచె ఒకటి ఉండేది. దాన్ని దాటి చెయ్యి చాపితే చాలు, గోడమీది కాపలావాడు కాల్చేసేవాడు. ఆ ఆగస్టులో కుంభవృష్టి కురిసి కంచె కొంతమేర కొట్టుకుపోయింది. సరిగ్గా దాని అవతలే మంచినీళ్ళు తన్నుకొచ్చాయి. అంతవరకూ మా అందరి మలం కలిసిన వాగునీళ్ళే మాకు దిక్కు.

కంచె లేకపోయినా హద్దు ఎక్కడో మాకు తెలుసు. ఇవతల నిలబడి, పొడుగాటి కర్రకు రేకుమగ్గు కట్టి ముంచుకునేవాళ్ళం.

నా తమ్ముడు ఓరిన్ జ్వరంతో కాలిపోతున్నాడు. "అన్నా, ఒక్క గుక్క" అని ఒకటే కలవరింత. డేరాకర్ర పీకి మగ్గు కట్టుకుని వెళ్ళాను. నీళ్ళు ముంచి లాగేసరికి మాలోనే క్రాండల్ అనే దున్నపోతు కర్ర పట్టుకున్నాడు.

"ఇటివ్వరా! చచ్చేవాడికి నీళ్ళెందుకు, దండగ!"

"నీ నోట్లో మన్నుపడ! వదలరా!"

వదల్లేదు. చెయ్యి కొరికాను. డొక్కలో తన్నాడు. ఇద్దరం బురదలో దొర్లాం. రాయి చేతికందితే వాడి పళ్ళు రాలేదాకా మూతిమీద మోదాను.

"వెయ్యి, ఇంకోటి వెయ్యి!" అని చుట్టూ కేకలు.

నీళ్ళన్నీ ఒలికిపోయాయి. మళ్ళీ ముంచుదామని లేచేసరికి, ఓరిన్ నన్ను దాటి పాక్కుంటూ పోతున్నాడు. కంచె కనబడక, హద్దు గుర్తురాక, నేరుగా ఊటమీదికి మూతి వంచాడు.

"ఓరిన్! వెనక్కి రారా!"

తుపాకి పేలింది. తల పగిలి, మూతి నీళ్ళకు జానెడు దూరంలో ఆగిపోయింది. నెత్తురు ఊటలోకి కారింది.

"ఇంకెవడికిరా దాహం, యాంకీలూ?" అని పైనుంచి కాపలావాడు నవ్వాడు.

ఓరిన్‌ను తెచ్చుకోవడానికి కూడా హద్దు దాటనివ్వలేదు. నీళ్ళు ముంచే కర్రనే వాడి లాగు భుజంపట్టీకి తగిలించి తమ్ముణ్ణి ఇవతలికి ఈడ్చుకున్నాను.

ముసలితనంలో, బతికి మిగిలిన ఖైదీలను మళ్ళీ అక్కడికి పిలిచారు, ఊటమీద రాతిమంటపం కట్టామని. గోడ లేదు, హద్దుకు తెల్లగుంజలు పాతారు. ఎవరో దొరసాని నవ్వుతూ మగ్గు అందించింది.

"తాగండి తాతగారూ, దేవుడిచ్చిన నీళ్ళు."

మగ్గు విసిరికొట్టాను. గుంజలు దాటి వెళ్ళి, బోర్లాపడి, ఊటకే మూతి ఆనించి తాగాను.

"కాల్చండ్రా ఇప్పుడు!" అని అరిచాను.

దొరసాని హడలిపోయింది. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. మావాడికి ఒక్క గుక్క కూడా దక్కలేదు.