చాలు

వీధి చివరి ఇండియన్ రెస్టారెంట్‌లో కుర్చీ లాక్కుని కూర్చుంటూనే బాబాయి పిన్నికి హుకుం జారీ చేశాడు. "నేను మాట్లాడుతుంటే మధ్యలో దూరకు!"

హిందీ తప్ప మరో ముక్క రాని వెయిటర్ నవ్వు మొహంతో పప్పు వడ్డించడం మొదలుపెట్టాడు.

"చాలు," అన్నాడు బాబాయి. ఇంకో గరిటె పడింది. వీడికి నాతో పరాచికాలా అనుకుని, "చాలు! చాలు!" అని గొంతు చించుకున్నాడు. వెయిటర్ సంబరపడిపోయి గిన్నె మొత్తం గుమ్మరించాడు. పప్పు కంచం దాటి బాబాయి ఒళ్లోకి దిగింది.

"చెవుడా వీడికి?"

"చెవుడు కాదు. హిందీలో చాలు అంటే కానిమ్మని," అంది పిన్ని అప్పడం కొరుకుతూ.

"తెలిసీ చెప్పవేం?"

"మీరు మాట్లాడుతున్నారుగా!"